రెండంగుళాల ఎర్ర తీగ

బుధవారం క్యాంపస్‌లో పోలీసులు దీక్షా శిబిరం టెంటు పీకేస్తున్నప్పుడు మైకు పెట్టె భగ్గుమంది. దాన్ని లారీలోకి నెడుతున్న కానిస్టేబుల్ బుచ్చిబాబు రెండు చేతులూ కాలి ఆస్పత్రి పాలయ్యాడు. పెట్టెలో ఉన్నది బాంబన్నారు పోలీసులు. బూడిదలో దొరికిన ఒక అట్టముక్క మీద హాల్ టికెట్ నంబరు కనబడింది. ఆ నంబరు గల ఎమ్మెస్సీ విద్యార్థి మొగిలిని గురువారం తెల్లారేలోగా హాస్టల్ గదిలోంచి పట్టుకెళ్లారు. మొగిలికి బాంబూ తెలియదు, పెట్టే తెలియదు. అది ఉత్త బ్యాటరీ అనీ, ఆ అట్టముక్క అందులోకి ఎలా వచ్చిందో కూడా తెలిసిన మనిషి అదే క్యాంపస్‌లో, ఎలక్ట్రానిక్స్ ల్యాబులో, మూడు రోజులుగా నోరు కుట్టుకుని కూర్చున్నాడు.

ఆ మనిషి పేరు శాంసన్. ఇరవై రెండేళ్లుగా ఆ ల్యాబులో టెక్నీషియన్.

శనివారం మధ్యాహ్నం పన్నెండుంబావు. రెండు గంటల కోత తర్వాత పన్నెండింటికి కరెంటు వచ్చింది. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు, బొగ్గు లేదు, క్లాసులు లేవు. అటెండరు కూడా సమ్మెలో ఉన్నాడు కాబట్టి ల్యాబు తాళం శాంసనే తీసుకున్నాడు. ఎదురుగా బల్ల మీద టైపు కొట్టిన కాగితం ఒకటి రెపరెపలాడుతోంది. ఎగిరిపోకుండా దాని మీద స్క్రూడ్రైవర్ పెట్టాడు.

'శకలాలను పరిశీలించగా, ఇది ఉద్దేశపూర్వకంగా తయారుచేసిన పేలుడు పరికరం అయి ఉండవచ్చునని భావిస్తున్నాను.'

కింద అతని పేరు. పేరు పైన సంతకానికి ఖాళీ.

నిన్న సీఐ శశిభూషణ్ స్వయంగా తెచ్చిచ్చాడు. "మీది తెనాలి కదండీ? మాది రేపల్లె. మనం మనం ఒకటి," అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అసలు రిపోర్టు రావడానికి నెల పడుతుంది. సోమవారం ఆ కుర్రాడి బెయిలు విచారణ. ఈలోగా క్యాంపస్‌లో టెక్నికల్ మనిషి చేతి ముక్క ఒకటి ఉంటే చాలు. రేపు ఒంటిగంటకు వస్తా. సంతకం చేసి ఉంచండి."

సంతకం పెడితే మొగిలి లోపలే ఉంటాడు. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో చెప్పాలి.

రెండు రాత్రులుగా ఇంట్లో కుటుంబ ప్రార్థన చివర భార్య మేరీ ఆ కుర్రాడి పేరు ఎత్తుతూనే ఉంది. 'ప్రభువా, జైల్లో ఉన్న ఆ మొగిలి అనే బిడ్డను కాపాడు' అంటుంది. ఆ రెండు రాత్రులూ శాంసన్ 'ఆమెన్' అనలేకపోయాడు. నిన్న రాత్రి మేరీ కళ్లు తెరిచి అతని వైపు చూసింది. "గొంతులో ఏమన్నా అడ్డం పడిందా?" అని అడిగింది. లేదన్నాడు.

తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది.

"బ్యాటరీల సంగతి తెల్సిన శాంసన్ సార్ మీరేనా?"

ముప్పై రెండు ముప్పై మూడేళ్ల మనిషి. నడిచి నడిచి వచ్చినట్టు చీర అంచు నిండా దుమ్ము. చంకలో ప్లాస్టిక్ సంచి. వేళ్ల కొసలు రాగి తీగ పట్టుకునే వాళ్లకు ఉన్నట్టు నల్లగా, గీతలు పడి ఉన్నాయి.

"నేనేనమ్మా. మీరు?"

"నా పేరు అరుంధతి. మొగిలికి అక్కను."

శాంసన్ చెయ్యి తనకు తెలియకుండానే కాగితం మీదికి పోయింది. దాన్ని బోర్లా తిప్పాడు.

"కూర్చోండమ్మా."

"కూసునేటంత టైం లేదు సార్." అంటూనే స్టూలు అంచున కూర్చుంది. "మాది జనగామ. మా ఆయనకు మోటర్ వైండింగ్ షాపున్నది. ఆయనకు నడుం పడిపోయినంక మూడేండ్ల సంది నేనే చుడుతున్న. కరెంటు సంగతి కొద్దిగ తెల్సు కాబట్టే మీ తాన్కి వచ్చిన. తెల్వకపోతే ఏ లీడర్ తాన్కో పోతుంటి." సంచిలోంచి జిరాక్స్ కాగితం తీసి బల్ల మీద పరిచింది. "వకీలు ఇచ్చిండు. మా తమ్ముని నంబరున్న అట్ట ఫోటో. చూడుండ్రి."

చూడాల్సిన అవసరం శాంసన్‌కు లేదు. అయినా చూశాడు. అరచేయంత అట్ట. ఒక పక్క కాలింది. రెండున్నర గుండ్రటి కంతలు. వాటి పైన నీలిసిరాతో తొమ్మిది అంకెలు.

"ఇది చింపింది కాదు సార్, కోసింది. కంతలు చూడుండ్రి, ఎంత సాఫుగున్నయో. వార్నీష్ గూడ పూసిన్రు, అంచుకు మెరుస్తున్నది. మేం మోటర్ల లెదరాయిడ్ కాగితం పెడ్తం, తీగ పోయి ఇనుముకు తగల్తే షార్టయితదని. ఇది గా పనే." ఆమె వేలు కంత చుట్టూ తిరిగింది. "నేనడిగేది ఒక్కటే. బాంబు చేసెటోడు షార్టు కావొద్దని ఇంత కష్టపడి కాగితం ఎందుకు పెడ్తడు సార్?"



పోలీసులకు తట్టని మాట. వకీలుకు తట్టని మాట. తనకు మాత్రమే తెలిసిన మాట, నడుం పడిపోయిన మొగుడి షాపులో తీగ చుట్టుకునే మనిషి వచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది బ్యాటరీ అని మీరు రాసియ్యున్రి సార్. బాంబు కాదు, బ్యాటరీ అని. ఒక్క ముక్క. మీ కాళ్లు మొక్కుతా."

ఒక్క క్షణం అతని లోపల ఆశ లేచింది. రాసిస్తే సరి. బ్యాటరీ అని రాసిస్తే బాంబు కేసు పోతుంది. తన పేరు ఎక్కడా రాదు. కలం కూడా తీశాడు.

కలం కాగితం మీద ఆనకముందే ఆశ చచ్చిపోయింది. బ్యాటరీ అంటే మాత్రం? అందులో దొరికిన నంబరు మొగిలిదే. అయితే బ్యాటరీ చేసింది మొగిలే అంటారు. కానిస్టేబుల్ చేతులు కాల్చింది మొగిలే అంటారు. అర్ధ సత్యం రాసిస్తే ఆ కుర్రాడి మెడకు ఉన్న తాడు తీసి ఇంకో తాడు వేసినట్టే.

"రాస్తున్నరా సార్?"

ఆమె లేచి నిలబడి అతని భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. శాంసన్ తల తిప్పాడు. ఆమె ఏం చూస్తోందో అర్థమైంది.

గోడకు కట్టిన తీగకు క్లిప్పులు పెట్టి అట్టలు ఆరేసి ఉన్నాయి. వార్నీష్ పూసిన అట్టలు. ఒక్కోదానికి ఆరు గుండ్రటి కంతలు. ఒక్కోదాని మూల నీలిసిరా అంకెలు.

అవి ఇంటర్నల్ పరీక్షల జవాబు పుస్తకాల అట్టలు. మార్కులు వేసేశాక కట్టలు కట్టలుగా వెనక గదిలో పడేస్తారు. ఆ అట్ట గట్టిగా, నునుపుగా ఉంటుంది. ఇన్సులేషన్ కాగితం కొనిపెట్టమని ఆఫీసును అడిగి ఆరు నెలలు ఎదురుచూసే బదులు, శాంసన్ వాటినే కోసి వాడడం మొదలెట్టి పదేళ్లయింది. 'శాంసన్ గారి ల్యాబులో ఫస్ట్ క్లాసువాడైనా, ఫెయిలైనవాడైనా చివరికి ఇన్సులేషనే' అని లెక్చరర్లు నవ్వుకునేవారు. ఎవరి నంబరు ఎవరిదో ఏనాడూ చూడలేదు. మొగిలి అట్ట చేతికొచ్చిన రోజున కూడా చూడలేదు.

అరుంధతి గోడ దగ్గరికి నడిచింది. ఒక అట్ట క్లిప్పులోంచి లాగింది. తెచ్చి జిరాక్స్ కాగితం పక్కన పెట్టింది. కంతకు కంత, అంచుకు అంచు.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది శాంసన్‌కు.

"ఎప్పటిసంది తెల్సు సార్ మీకు?"

"గురువారం పేపర్లో ఫోటో చూసినప్పటి నుంచి."

"ఇయ్యాల శనివారం."

"అవునమ్మా."

"నిన్న ములాఖత్‌ల మా తమ్ముడు అంటడు, 'అక్కా, నేను రాసిన పరీక్ష నన్నే ఎందుకు పట్టిచ్చింది?' అని. నాకేం చెప్పాల్నో సమజ్ కాలే." ఆమె స్టూలు మీద మళ్లీ కూర్చుంది. ఈసారి అంచున కాదు. "చెప్పుండ్రి. మొత్తం చెప్పుండ్రి. మంచిగ కాగితం పెట్టిన మనిషి చేసిన బ్యాటరీ ఎట్ల కాలింది?"

శాంసన్ చెప్పాడు. మూడు రోజులుగా గొంతులో అడ్డం పడింది ఒక్కసారిగా బయటికొచ్చింది.

సమ్మెకు ముందు లక్ష్మీనర్సయ్య వచ్చాడు. రీసెర్చ్ స్కాలరు, క్యాంపస్ విద్యార్థుల కమిటీకి లీడరు. శిబిరానికి కరెంటు తీగ కోసేశారు, జనరేటర్ చప్పుడులో మాట వినపడదు, మైకుకు బ్యాటరీ చేసిపెట్టమన్నాడు. "మీరు ఆంధ్రా సార్ అయినా మీరే చేసిస్తే మాకు గౌరం సార్," అన్నాడు. ఆ మాటలో అభిమానం ఎంతో, బెదిరింపు ఎంతో శాంసన్‌కు ఈనాటికీ తేలలేదు. కాదంటే ఏమవుతుందోనన్న భయం ఉంది. నా చేతిపని వీళ్లకూ కావాల్సి వచ్చిందన్న గర్వమూ ఉంది. పాత లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి, మంచి సెల్స్ ఏరి, పెట్టెకు ఇరవై నాలుగు చొప్పున రెండు పెట్టెలు కట్టాడు.

"ఈ సెల్‌కు ఒళ్లంతా మైనస్సే," అని ఒకటి తీసి చూపించాడు. "నెత్తిమీద బొడిపె ఒక్కటే ప్లస్సు. మధ్యలో ఉన్నది వెంట్రుకవాసి ప్లాస్టిక్. అందుకే ఆ అట్ట. అట్ట పైన, అన్నిటికీ కాపలాగా ఇదిగో, ఈ పచ్చ బోర్డు పెడతాం. ఎక్కడ షార్టయినా రెప్పపాటులో కోసేస్తుంది. చార్జింగ్ నిండినా కోసేస్తుంది."

"మరి కొయ్యలే?"

శాంసన్ తల వంచుకున్నాడు.

మొదటి రోజు సాయంత్రం మైకు బ్రహ్మాండంగా పలికింది. పాట మొదలై డప్పు అందుకోగానే టప్పున ఆగిపోయింది. డప్పు దెబ్బకు మైకు ఒక్కసారిగా లాగే కరెంటును చూసి బోర్డు షార్టనుకుంది. దాని పని అది చేసింది. వైరు తీసి పెడితే మళ్లీ పలికింది. మళ్లీ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు ఎవరో వెనక నుంచి కేకేశారు. "ఆంధ్రా బ్యాటరీరా బై! తెలంగాణ పాటకు తట్టుకుంటలేదు!"

శిబిరమంతా గొల్లుమంది. శాంసన్ కూడా నవ్వాడు. నవ్వుతూనే చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నవాడు, ఇక్కడే పెళ్లి చేసుకున్నవాడు, తార్నాకలో ప్రతి గల్లీ తెలిసినవాడు. ఆ నవ్వు మర్నాటికి కూడా చెవుల్లోంచి పోలేదు. లక్ష్మీనర్సయ్య పెట్టెలు రెండూ తెచ్చి బతిమాలాడు. "ఇజ్జత్ పోతున్నది సార్. ఏమన్న చెయ్యున్రి."

శాంసన్ చేశాడు. రెండంగుళాల ఎర్ర తీగ తుంచి, పచ్చ బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకు అతికించాడు. కరెంటు ఇక బోర్డు మీదుగా పోనక్కర్లేదు. ఒక పెట్టెకు చేశాడు. రెండో పెట్టెకూ చేశాడు. చేస్తూ అనుకున్నాడు, ఈ ఒక్క సభకే, తర్వాత తీసేస్తానని.

బుధవారం పెట్టెను లారీలోకి నెట్టినప్పుడు మైకు వైర్లు రెండూ దాని కింద నలిగి ఒకటయ్యాయి. పచ్చ బోర్డు పనిలో ఉండి ఉంటే ఏమీ అయ్యేది కాదు.

"గురువారం సాయంత్రం ఆస్పత్రికి వెళ్లాను," అన్నాడు శాంసన్. "ఆ బుచ్చిబాబును చూడ్డానికి. లోపలికి పోలేకపోయాను. వాళ్లావిడ ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. తలుపు దగ్గర నుంచే వచ్చేశాను."

అరుంధతి మెల్లగా అంది.

"మా షాపుకు కాలిన మోటర్ వస్తే మా ఆయన మొదలు అడిగేది ఏందో తెల్సా సార్? స్టార్టర్ల రిలే ఉన్నదా, డైరెక్ట్ కొట్టిన్రా అని. రైతులు డైరెక్ట్ కొడ్తరు. కరెంటు ఇచ్చేదే మూడు గంటలాయె, రిలే మాటిమాటికి పడి మోటర్ బందయితుండె, మడి ఎండుతుండె. ఇగ ఏం చేస్తరు? తీగ పెట్టి డైరెక్ట్. మోటర్ కాలినంక మా తానకొచ్చి ఏడుస్తరు. మా ఆయన తిడ్తడు, నేను ఊకుంట. వాళ్లకు తెల్వక, గతిలేక చేస్తరు." ఆమె తలెత్తింది. "మీకు పంట ఎండిందా సార్?"

ఎండింది పంట కాదు, పరువు. ఆ మాట ఆమె ముందు అనడానికి శాంసన్‌కు నోరు రాలేదు.

గోడ గడియారంలో పన్నెండూ యాభై. ఇంకో పది నిమిషాల్లో సీఐ వస్తాడు. శాంసన్ బోర్లా ఉన్న కాగితాన్ని తిప్పి ఆమె ముందుకు తోశాడు. ఆమె చదివింది. పెదవులు బిగుసుకున్నాయి.

"దీని మీద పెట్టమన్నారు సంతకం. పెట్టను. ఒంటిగంటకు సీఐ వస్తాడు, రాగానే చెప్పేస్తాను."

అతని మాట ఆమెకు వినపడినట్టు లేదు. చదవడం ఆపి ఎటో చూస్తోంది. ముఖంలో రంగు మారుతోంది.

"రెండు పెట్టెలన్నరు గద సార్. రెండోది గూడ డైరెక్టేనా?"

"అదీ అంతే. గురువారమే లక్ష్మీనర్సయ్యకు చెప్పాను, వాడొద్దు, తీసి పక్కన పెట్టెయ్యమని. పెట్టానన్నాడు."

"నల్లపెట్టె. పక్కకు నాలుగు చిన్న లైట్లుంటయి. తెల్ల పట్టీ."

శాంసన్ లేచి నిలబడ్డాడు. "మీరెక్కడ చూశారు?"

"అది మా అమ్మ తలకాడ ఉన్నది సార్."

ఫ్యాను కిర్రుమంటోంది.

"లక్ష్మీనర్సయ్య అన్ననే లాలాపేట తొవ్వల రూము చూపెట్టిండు," అరుంధతి మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "కరెంటు పోతే అమ్మకు ఉబ్బసమొస్తదంటే, చిన్న ఫ్యాను, ఈ పెట్టె ఇచ్చిపోయిండు. ఫ్యానుకైతే ఏం కాదు, మైకుకే వాడొద్దన్నరు అన్నడు. పొద్దున చార్జింగుకు పెట్టొచ్చిన."

"ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకు."

ఆ చార్జర్ కూడా శాంసన్ చేసిందే. చవకలో చేశాడు. దానికి పొయ్యడమే తెలుసు, ఆగడం తెలియదు. ఆపాల్సింది పచ్చ బోర్డు. పచ్చ బోర్డు మీద ఎర్ర తీగ ఉంది.

"పెట్టినప్పుడు ఎన్ని లైట్లు వెలిగాయి?"

"రెండు."

సగం. ఖాళీ పెట్టె నిండడానికి నాలుగు గంటలు, సగం పెట్టెకు రెండు. ఎనిమిదిన్నర నుంచి కోత మొదలైన పదింటిదాకా గంటన్నర. పన్నెండింటికి మళ్లీ కరెంటు వచ్చింది. అంటే పన్నెండున్నరకు నిండిపోయింది. కోతలో ఫ్యాను తిన్నది పోతే ఇంకో పావుగంట. పన్నెండూ ముప్పావు.

గడియారం పన్నెండూ యాభై మూడు.

పొంగిన కుండలో ఇంకా పోస్తూనే ఉన్నట్టు. ముందు ఒక సెల్ వేడెక్కుతుంది. అది పక్కదాన్ని వేడెక్కిస్తుంది. ఎంత టైముంటుంది? ఇరవై నిమిషాలా? అరగంటా?

"అమ్మకు ఫోన్ చెయ్యండి. ప్లగ్గు పీకమనండి!"

"ఫోన్ నా తాననే ఉన్నది. మూడు దినాల సంది కన్ను మూస్తలేదని రాత్రి గోళీ ఏసినం, ఇంక పండుకునే ఉన్నది." సంచిలోంచి తాళంచెవి తీసింది. "తాళమేసి వచ్చిన సార్. నిన్న లేచి, జైలు ముంగట కూసుంటనని రోడ్డు మీద పడ్డది. అందుకని తాళమేసిన. ఇంటోళ్లు ఊళ్లె లేరు."

లక్ష్మీనర్సయ్యకు ఫోన్ కలిపింది. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కలిపింది.

ఇద్దరూ తలుపు వైపు పరిగెత్తారు. తలుపుకు అడ్డంగా సీఐ శశిభూషణ్ నిలబడి ఉన్నాడు. టైముకంటే అయిదు నిమిషాలు ముందే వచ్చాడు.

"ఏంటండీ శాంసన్ గారూ, నన్ను చూసి పారిపోతున్నారా?" నవ్వుతూ లోపలికి చూశాడు. అరుంధతిని గుర్తుపట్టాడు. నవ్వు ఆగింది. "ఈమెకు మీ దగ్గరేం పని? కాగితం రెడీయేనా?"

శాంసన్ మూడు రోజులుగా ఈ క్షణం కోసం మాటలు పేర్చుకుంటున్నాడు. మొదట పరిస్థితులు చెప్పి, తర్వాత తన ఉద్దేశం చెప్పి, తర్వాత మెల్లగా విషయానికి రావాలనుకున్నాడు. అవేవీ నోటికి రాలేదు.

"ఆ పెట్టె చేసింది నేనండీ. మొగిలి కాదు. అది బాంబు కాదు, బ్యాటరీ. కాపలా బోర్డు తప్పించింది నేను, బుచ్చిబాబు చేతులు కాల్చింది నేను. అలాంటిదే ఇంకోటి లాలాపేట రోడ్డులో ఒక ముసలామె తల దగ్గర ఉడుకుతోంది. ముందు జీపు తియ్యండి. బేడీలు జీపులో వేసుకోవచ్చు."

శశిభూషణ్ అతని మొహం చూశాడు. గోడ మీద ఆరేసిన అట్టలు చూశాడు. అరుంధతి చేతిలో తాళంచెవి చూశాడు. పోలీసు బుర్రకు, అది ఎంత మొండిదైనా, ఆ మూడూ కలుపుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఎక్కండి," అన్నాడు. జీపు వైపు పరిగెడుతూ పళ్లు నూరాడు. "మనవాడు కదా అని వచ్చాను చూడండి, నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి."

జీపు క్యాంపస్ గేటు దాటింది. సీఐ వైర్‌లెస్ సెట్‌లో ఫైరింజన్‌కు చెప్పాడు. దగ్గరలో ఉన్న సిబ్బందిని పంపమని చెప్పాడు. సిబ్బంది మొత్తం ర్యాలీ బందోబస్తులో ఉన్నారని జవాబొచ్చింది.

"ఏ ర్యాలీ?" అన్నాడు శాంసన్.

ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తార్నాక చౌరస్తా వచ్చింది. చౌరస్తా కనబడలేదు, జనం కనబడ్డారు. నాలుగు రోడ్లూ నిండిపోయి, డివైడర్ల మీద, షట్టర్లు దించిన షాపుల మెట్ల మీద, ఎటు చూసినా జనం. నడి మధ్యలో మైకు కట్టిన వ్యాను. వ్యాను మీద గజం ఎత్తు ఫ్లెక్సీ. అందులో పాస్‌పోర్టు ఫోటోలోంచి పెద్దది చేసిన మొగిలి మొహం.

"విడుదల చేయాలె! విడుదల చేయాలె! మొగిలన్నను విడుదల చేయాలె!"

మొగిలి కోసం వచ్చిన జనం, మొగిలి తల్లికి దారి మూసేశారు.

పోలీసు జీపును చూడగానే అరుపులు రెట్టింపయ్యాయి. ఎవరో బానెట్ మీద అరచేత్తో దభీమని కొట్టారు. "రివర్స్ తియ్," అన్నాడు సీఐ డ్రైవర్‌తో. వెనక కూడా మూసుకుపోయింది. ఫైరింజన్ గంట ఎక్కడో అవతల మోగుతోంది, దగ్గరికి రావడం లేదు.

ఒంటిగంటా ఆరు.

అరుంధతి దూకేసింది. ఆమె వెనకే శాంసన్. "మొగిలి అక్కరా! తొవ్వియ్యున్రి, అక్కకు తొవ్వియ్యున్రి!" అన్నారెవరో. వ్యాను దాకా సందు చీలింది. వ్యాను అవతల మాత్రం సందు లేదు, గోడలా జనం. ఆమెను భుజాలు పట్టుకుని పైకెక్కించారు. ఆమె ఏం చెబుతున్నా నినాదాలే. మాట పక్కవాడికి కూడా వినపడలేదు. శాంసన్ చక్రం మీద కాలు వేసి తనూ ఎక్కాడు. జనరేటర్ పక్కన నిలబడి ఉన్న లక్ష్మీనర్సయ్య అతన్ని చూసి తెల్లబోయాడు.

"సార్? మీరేంది గీడ?"

శాంసన్ ఆగలేదు. మాట్లాడుతున్న కుర్రాడి చేతిలోంచి మైకు లాక్కున్నాడు. వేల ముఖాలు ఇటు తిరిగాయి. తన తెనాలి మాట తన చెవులకే పరాయిగా వినపడింది, నాలుగు రోడ్ల మీదా ప్రతిధ్వనించింది.

"బాబూ, నా పేరు శాంసన్! మొగిలి ఏ తప్పూ చెయ్యలేదు! పోలీసును కాల్చిన ఆ పెట్టె చేసింది నేను! మొగిల్ని జైల్లో పెట్టించింది నేను! ఇప్పుడు మీరంతా..."

మైకు ఆగిపోయింది.

'దారివ్వండి' అన్న మాట అతని నోట్లోనే ఉంది. గట్టిగా అరిచాడు. ఆ అరుపు మొదటి వరస దాకా కూడా పోలేదు. కిందికి చూశాడు. అలవాటు కొద్దీ బోర్డు కరెంటు కోసేసిందేమోనని చూశాడు. అక్కడ బోర్డూ లేదు, బ్యాటరీ లేదు. లక్ష్మీనర్సయ్య చేతిలో, జనరేటర్ నుంచి పీకేసిన వైరు ఉంది.

"ఏం జేస్తున్నరు సార్?" లక్ష్మీనర్సయ్య మొహం చెమటతో తడిసిపోయింది. "ఇంకొక్క ముక్కన్నా మిమ్మల్ని నిలువునా చీరేస్తరు. మిమ్మల్ని కాపాడనీకే పీకిన!"

"నన్ను కాదయ్యా! ఆ పెట్టె..."

జనంలో ఎక్కడో వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది.

"ఆంధ్రోడు! మన మొగిలిని పట్టిచ్చింది ఈ ఆంధ్రోడే!"

గోడలా నిలబడ్డ జనం ఒక్కసారిగా కదిలింది. దారి ఇవ్వడానికి కాదు. వ్యాను వైపే. కింద, ఆ తొక్కిసలాటలో, ఎప్పుడు దూకిందో అరుంధతి. తాళంచెవి పట్టుకున్న ఆమె చెయ్యి తలల మీద ఒక్కసారి పైకి లేచింది. మళ్లీ కనబడలేదు.

వ్యాను ఊగుతోంది. శాంసన్ చేతిలో మైకు చచ్చి ఉంది. ఎదురుగా పెట్రోలు బంకు గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. లాలాపేటలో పెట్టె నిండి అప్పటికి ఇరవై అయిదు నిమిషాలు.